నాలుగు మూలల టిక్కు

విప్పిన లెన్స్ ముందు భూతద్దాన్ని కూర్చోబెట్టి పోయిన వారం మనం లేచి వచ్చేశాం. ఆమె మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఆమె ఎవరో, ఆ లెన్స్ ఆ బల్ల మీదికి ఎందుకొచ్చిందో కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

భూతద్దం ఆమె అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా లెన్సులు బాగుచేస్తూ, కంటికి ఎప్పుడూ ఒక భూతద్దం తగిలించుకుని, తలుపు గడియ దగ్గర్నుంచి బంధువుల బుద్ధుల దాకా అన్నిటినీ అందులోంచే చూస్తుందని ఆమె అన్న పెట్టిన పేరు అది. అన్న కింద గదిలో కెమెరాలు, లెన్సులు అద్దెకిస్తాడు. పై గదిలో ఈమె బల్ల. మధ్యలో, మెట్ల మలుపు దగ్గరున్న చిన్న స్టూడియో వదినది. వదిన ఒకప్పుడు పెద్ద పెద్ద హాళ్ల లోపలి ఫోటోలు తీసేది. రెండేళ్లుగా గుర్తింపు కార్డుల ఫోటోలు తప్ప మరొకటి ముట్టుకోవడం లేదు.

దానికి కారణం ఒకే ఒక్క ఫోటో. ఒక ఆర్కిటెక్టు కట్టిన కొత్త సంగీత శాలని వదిన ఫోటో తీసింది. గోడంత ప్రింటు వేయించాక చూస్తే ఎడమవైపు కింది మూల మసక. అక్కడి కుర్చీలు, మెట్ల అంచున పెట్టిన చిన్న దీపాలు, అన్నీ చెదిరిపోయి ఉన్నాయి. ఆర్కిటెక్టు ఆ ప్రింటుని గోడకెక్కించలేదు. లెన్స్‌లో ఏమైనా లోపం ఉందా అని మనిషిని పంపి అడిగించాడు. లెన్స్ నిక్షేపంగా ఉందని భూతద్దం జవాబిచ్చింది. లెన్స్ మంచిదైతే ఇక తప్పు చేతిదే కదా. వదిన ఎదురు చెప్పలేదు. కెమెరా సంచి తీసుకెళ్లి అలమరలో పెట్టేసింది.

ఇప్పుడు అదే ఆర్కిటెక్టు మళ్లీ కబురు పెట్టాడు. అదే శాలలో రిహార్సల్ జరుగుతుండగా ఫోటోలు కావాలి. ఫ్లాష్ వేయకూడదు, వాయించేవాళ్లు కదలకుండా ఉండరు, వెలుతురు అంతంతమాత్రం. అంటే గదంతా ఒక్క చూపులో పట్టుకోగలిగి, ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చే లెన్స్ కావాలి. ఒకసారి మూతి కాల్చుకున్నవాడు కాబట్టి, ఈసారి ముందే మూడు లెన్సులు పోల్చి, ఏది మూలల దాకా నిలబడుతుందో రాసిమ్మన్నాడు. ఫోటోగ్రాఫరు ఎవరన్నది ఆ తర్వాత మాట్లాడదాం అన్నాడు. ఆ పని మళ్లీ తన చేతికొస్తుందని వదిన పైకి అనలేదు గానీ, అలమరలోంచి కెమెరా సంచి తీసి దుమ్ము దులిపింది. అది ఇంట్లో అందరూ చూశారు.

మూడు లెన్సులకీ అన్న పేర్లు పెట్టాడు. కెమెరా కంపెనీవాళ్లే చేసిన కొత్త లెన్స్ కొత్తల్లుడు. రెండు చేతులతో అందుకోవాలి, మెత్తటి గుడ్డ మీద దించాలి. వేరే కంపెనీవాళ్ల బరువైన లెన్స్ పొత్రం. ఇంట్లో పన్నెండేళ్లుగా ఉన్నది, ఆనాటి ఫోటో తీసింది, తాతయ్య. మూడూ గదంతా పట్టే ఇరవై నాలుగు మిల్లీమీటర్లవే, మూడూ వెలుతురు కోసం ఒకటి పాయింట్ నాలుగు దాకా తెరుచుకునేవే. మూడింటినీ లెన్స్ చూపించేదంతా మూలల దాకా పట్టుకునే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకే తగిలించి, పెరట్లో ఇటుక గోడని, తలుపులు మూసిన సామాన్ల గదిలో నల్లగుడ్డ మీద కట్టిన బొట్టంత దీపాల్ని తీశారు.

కొత్తల్లుడు ఇటుకల వరసల్ని తిన్నగా చూపించాడు. ఆ తిన్నదనంలో కొంత మాయ ఉంది. తన కంపెనీ లెన్స్ చేసే వంకరల్ని కెమెరా తన లోపలే దిద్దేసి పైకి చూపిస్తుంది, సొంత కూతురి తప్పుల్ని తల్లి నలుగురిలో సర్దేసినట్టు. భూతద్దం ఆ దిద్దుబాటు ఆపేసి మళ్లీ తీస్తే అంచుల్లో వరసలు వంగాయి, మూలలు చీకటిపడ్డాయి. పొత్రం గీతల్ని ఉన్నదున్నట్టు నిలబెట్టింది గానీ మూలల్లో దీపాలకి చిన్న చిన్న రెక్కలు మొలిపించింది. పైగా అరగంట మెళ్లో వేసుకుంటే మెడ పట్టేస్తుంది. తాతయ్య మూడు మూలల్లో ఇద్దరినీ మించిపోయాడు. నాలుగో మూలలో, ఎడమవైపు కింద, దీపాలు చెదిరిపోయాయి.

కెమెరాని తలకిందులుగా బిగించి ఇటుక గోడని మళ్లీ తీస్తే ఆ మసక గోడ మీద ఎదుటి మూలకి మారింది. లోపం గోడదైతే మసక గోడని వదలదు. లెన్స్‌దైతే లెన్స్‌తోపాటు తిరుగుతుంది. అప్పుడు వదిన ఇంట్లో లేదు, రిహార్సల్ చూడ్డానికి శాలకి వెళ్లింది. అన్న కింద కౌంటర్లో ఉన్నాడు. భూతద్దం తాతయ్యని బల్ల మీద పడుకోబెట్టి విప్పింది. పోయిన వారం మనం వదిలేసింది అక్కడ.

ఇలాంటి లెన్స్‌లో ముందుండే అద్దాల గుంపు, చుట్టూ పొడుచుకొచ్చిన మూడు చెవుల మీద నిలబడుతుంది. ఒక్కో చెవి కింద ఒక్కో ఇత్తడి రేకు, కాగితం కన్నా పల్చన. మూడూ చూపుకి ఒకటే, మందాలు మాత్రం వేరు. ఏ రేకు ఏ చెవి కిందదో తెలియడానికి, చేసినవాళ్లు రేకుకీ చెవికీ సన్నటి చుక్కలు పెట్టారు: ఒకటి, రెండు, మూడు. మామూలు కంటికి అవి కనిపించవు. భూతద్దం కంటికి కనిపించాయి. చెవుల మీది చుక్కలకీ రేకుల మీది చుక్కలకీ ఎక్కడో పొంతన తప్పింది. అద్దాల గుంపు వెంట్రుకవాసి ఒక పక్కకి ఒరిగి ఉంది.

తప్పు కనిపిస్తే దిద్దడం ఆమె చేతులకి ఎంత అలవాటంటే, మనసు ఇంకా అయ్యో అనుకుంటుండగానే చేతులు మూడు రేకుల్నీ తీసి పళ్లెంలో పెట్టేశాయి. అప్పుడు గానీ ఆమెకి అసలు ప్రశ్న తట్టలేదు. ఈ లెన్స్‌ని ఆమె తప్ప ఇంకెవరూ ఎప్పుడూ విప్పలేదు.

ఆమె దగ్గర ఒక పుస్తకం ఉంది. బాగుచేసిన ప్రతి లెన్స్‌కీ అందులో ఒక పేజీ. రేకులు, మరలు ఉన్నచోటల్లా చిన్న బొమ్మ గీసి ఉంటుంది. కింద రెండు గళ్లు: మధ్య, నాలుగు మూలలు. ఆమెకి పని నేర్పిన గడియారాల మేస్త్రి పెట్టిన పద్ధతి అది. విప్పే ముందు గుర్తు పెట్టు, బిగించాక నాలుగు మూలలూ చూడు, చూశాకే టిక్కు పెట్టు అనేవాడు. ఊరంతా ఆమె దగ్గరికే లెన్సులు తెస్తున్నారంటే ఆ టిక్కు మీద నమ్మకంతోనే.

తాతయ్య పేజీ దొరికింది. రెండేళ్ల కిందటిది, సంగీత శాల ఫోటోకి ఎనిమిది రోజుల ముందుది. అద్దం వెనక పట్టిన మసి తుడవడానికి విప్పింది. ఆ రోజు బల్ల మీద బయటివాళ్ల లెన్సులు నాలుగున్నాయి. వాటన్నిటికీ బొమ్మలు గీసింది. ఇంటి లెన్స్‌కి మాత్రం బొమ్మ లేదు. ఇంటిదే కదా అనుకుని చివర్లో చేసింది, మధ్య ఒక్కటి చూసింది, ఆకలేస్తుంటే రెండు గళ్లలోనూ టిక్కు పెట్టి కిందికి దిగిపోయింది. ఆ సంగతి ఆమెకి స్పష్టంగా గుర్తుంది. ఇన్నాళ్లూ గుర్తు చేసుకోవాల్సిన అవసరం రాలేదంతే. ఆ తర్వాత రెండేళ్లూ అన్న దాన్ని చిన్న సెన్సరు కెమెరాలకే తగిలించి అద్దెకిచ్చాడు. ఆ కెమెరాలు లెన్స్ నడిమి భాగాన్నే వాడుకుంటాయి, మూలల జోలికి పోవు. అందుకని ఎవరి దగ్గర్నుంచీ ఫిర్యాదు రాలేదు.

ఆమెకి సిగ్గేసింది. సిగ్గు కన్నా భయం ఎక్కువేసింది. ఒక్క టిక్కు అబద్ధమని తెలిస్తే మిగతా టిక్కుల సంగతేమిటని అడుగుతారు. ఆమె మూడు రేకుల్నీ చుక్కల ప్రకారం పెట్టి, బిగించి, సామాన్ల గదిలోకి వెళ్లి దీపాల్ని మళ్లీ తీసింది. నాలుగు మూలల్లోనూ దీపాలు గుండ్రంగా, ఆవగింజల్లా నిలబడ్డాయి. తాతయ్య కొత్తల్లుడినీ పొత్రాన్నీ ఓడించేశాడు. తర్వాత ఆమె చేసిన పని చెప్పడానికి నాకేమీ సంతోషంగా లేదు. కెమెరా కార్డులో ఉన్న పాత ఫోటోలన్నీ, మసకవీ తలకిందులవీ, చెరిపేసింది. కాగితం మీద ఫలితం రాసింది: ఇంటి లెన్స్, నాలుగు మూలలూ సమానం, ఏ లోపమూ లేదు.

చూడబోతే ఇందులో ఎవరికీ నష్టం లేదు. వదినకి మంచి లెన్స్ దొరికింది. శాల ఫోటోలు బాగా వస్తాయి. పాత సంగతి పాతదే. అలా అనుకుంటూనే ఆ సాయంత్రం ఆమె అన్నం సరిగ్గా తినలేదు. వదిన గమనించి, తలనొప్పిగా ఉందా అని అడిగితే, అవునంది.

మర్నాడు పొద్దున పదిన్నరకి వదిన పైకొచ్చింది. పదకొండుంబావుకి ఆర్కిటెక్టు వస్తానన్నాడు, అంతకుముందే కాగితం చూద్దామని. కళ్లజోడు నెత్తి మీంచి కిందికి దించుకుని, కిటికీ దగ్గర నిలబడి చదివింది. మొదటి రెండు లెన్సుల గురించి త్వరగానే చదివేసింది. మూడోదాని దగ్గర చాలాసేపు ఆగింది. ఆ నాలుగు మాటల్నే ఆమె మళ్లీ మళ్లీ చదువుతోందని భూతద్దానికి అర్థమైంది.

"అయితే నా చెయ్యే అన్నమాట," అంది వదిన.

ఆ గొంతులో కోపం లేదు. లెక్క సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "నాకు లోపల్లోపల ఒక అనుమానం ఉండేది, లెన్స్‌దేమోనని. నీ పనిని శంకించినట్టు ఉంటుందని అడగలేదు. ఇప్పుడు ఆ అనుమానం కూడా తీరిపోయింది. మంచిదేలే."

కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత కిందికి వెళ్లి భర్తతో మాట్లాడటం మెట్ల మీంచి వినిపించింది. ఆర్కిటెక్టు గారికి ఇంకో ఫోటోగ్రాఫరు పేరు చెబుదామంటోంది. తాతయ్యని ఆ మనిషికే అద్దెకిద్దామంటోంది. లెన్స్ మంచిదని తేలింది కదా, దాన్నెందుకు అలమరలో పెట్టడం అంటోంది. అన్న ఏదో నసిగాడు. వదిన కెమెరా సంచి జిప్పు మూసిన చప్పుడైంది.

ఆ చప్పుడుతో భూతద్దం లేచింది. అంతదాకా తన పరువొక్కటే తూకంలో ఉందనుకుంది ఆమె. తను రాసిన ఆ కాగితం వదిన మీద రెండోసారి తీర్పు చెప్పిందని, ఈసారి రాతపూర్వకంగా చెప్పిందని అప్పుడే బుర్రకెక్కింది. మెట్లు దిగి స్టూడియోలోకి వెళ్లింది. చేతిలో పుస్తకం ఉంది.

"వదినా, ఆ సంచి తెరువు," అంది. "తప్పు నీ చేతిది కాదు. నాది."

తర్వాత చెప్పాల్సినవన్నీ చెప్పింది. చుక్కలు కలవకపోవడం, బొమ్మ గీయకపోవడం, ఆకలేసి పెట్టిన టిక్కు, అన్నీ. నిన్న తనే బాగుచేశానని, పాత ఫోటోలు చెరిపేశానని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ వదిన కెమెరా పట్టీని వేళ్ల చుట్టూ చుడుతూ విప్పుతూ ఉంది. గుమ్మంలో నిలబడ్డ అన్న, మంచినీళ్లు తెస్తానని వెళ్లి, తేకుండానే తిరిగొచ్చాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగింది వదిన.

"నిన్న మధ్యాహ్నం."

"తెలిశాక ముందు లెన్స్ బాగుచేశావు. తర్వాత ఫోటోలు చెరిపేశావు. తర్వాత నాకు తలనొప్పి అని చెప్పావు."

భూతద్దం తలూపింది.

"అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ అంటారు. అత్తగారు పోయాక ఆ కుండ నీ చేతికొచ్చిందని నాకు తెలీదు." వదిన పట్టీని వదిలేసింది. "నువ్వు తప్పు చేశావని నాకు బాధ లేదు. పని చేసేవాళ్లకే తప్పులొస్తాయి. నిన్న ఆ లెన్స్ చెడిపోయి ఉండగా నన్ను పిలిచి చూపిస్తే, రెండేళ్లుగా మోస్తున్నది ఒక్క నిమిషంలో దించుకునేదాన్ని. ఇప్పుడది నిక్షేపంగా ఉంది. ఇప్పుడు నేనెవరికి ఏం చూపించను? నా ఆడపడుచు చెప్పిందని చెప్పనా? ఇంట్లోవాళ్లు ఒకరినొకరు కాపాడుకుంటున్నారంటారు."

 బాగుచేయడం అనే పని వల్ల కూడా ఒక మనిషికి అన్యాయం జరగొచ్చని ఇరవై ఏళ్లలో భూతద్దానికి ఎవరూ చెప్పలేదు. గడియారాల మేస్త్రి కూడా చెప్పలేదు. ఆమెకి ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. ఇప్పుడు తను ఏడిస్తే వదినే ఊరుకోబెట్టాలి, అది మరీ బావుండదు.

ఆర్కిటెక్టు చెప్పిన వేళకే వచ్చాడు. సన్నగా, కొలత ప్రకారం కోసినట్టుండే మనిషి. చొక్కా జేబులో మడతల స్కేలు, చంకలో పొడుగాటి అట్ట గొట్టం. మెట్ల మలుపు దగ్గర ముగ్గురూ మూడు దిక్కులు చూస్తూ నిలబడి ఉండటం చూసి, తర్వాత రమ్మంటారా అని మర్యాదగా అడిగాడు. వద్దు కూర్చోండి అంది వదిన. పై గదిలోకి తీసుకెళ్లి బల్ల ముందు కుర్చీ వేసింది. భూతద్దం చేతిలో పుస్తకాన్ని కళ్లతోనే చూపించి, నువ్వే చెప్పు అంది.

అంతకుముందే ఒకసారి చెప్పింది కాబట్టి రెండోసారి మాటలు తొందరగానే వచ్చాయి. అన్న మధ్యలో కల్పించుకుని, పొరపాట్లు ఎవరికైనా సహజమే కదండీ, ఊరికే పాతవి తవ్వుకోవడం దేనికి, కొత్త లెన్స్‌తో పని జరిపించేద్దాం అన్నాడు. చెల్లెలు ఒకవైపు, భార్య ఒకవైపు చూసిన చూపుకి, కింద షట్టరు తెరిచి వదిలేశానేమో అంటూ దిగిపోయాడు. పాపం, చెడ్డవాడు కాదు. గాలి ఎటు వీస్తే అటు తలుపు తీసే మనిషి.

ఆర్కిటెక్టు పుస్తకం మీదికి వంగాడు. వేలు ఆ పేజీ చివరి గడి మీద ఆనించాడు.

"ఈ టిక్కు మీదేనా?"

"నాదేనండి."

"చూడకుండానే పెట్టారా?"

"చూడకుండానే పెట్టాను. మీ మనిషి వచ్చి అడిగినప్పుడు కూడా లెన్స్ తెరిచి చూడలేదు. ఈ టిక్కు చూసే జవాబిచ్చాను."

ఆయన పుస్తకం మూశాడు. వదిన వైపు చూసి, ఆనాడు మీరు ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది అన్నాడు. అనడానికి నా దగ్గర ఆధారం లేదండి, ఇవాళా లేదు అంది వదిన.

అప్పుడాయన అట్ట గొట్టం మూత తీసి లోపలున్న ప్రింటు బయటికి లాగాడు. ఆనాటి గోడ ఫోటోలోంచి కోసిన ఎడమవైపు కింది ముక్క. ఈసారి తీయబోయే ఫోటోలతో పోల్చుకోవడానికి తెచ్చుకున్నాడట. బల్ల మీద పరిచి, నాలుగు పక్కలా లెన్సుల మూతలు బరువు పెట్టాడు. రెండేళ్ల తర్వాత దాన్ని చూడటం వదినకి అదే మొదలు. మసక కుర్చీలు, వాటి పక్కన మెట్ల దీపాలు. ఒక్కో దీపం ఏటవాలుగా, ఒకే పక్కకి సాగి, చివర్లో చీలి ఉంది. వదిన వాటి వంక తేరిపార చూసింది. చెయ్యి వణికితే ఫోటో అంతా సాగాలి గానీ ఒక్క మూలే సాగదు కదా అని ఆ రోజుల్లో తను ఎన్నిసార్లు అనుకుందో భర్తకి కూడా చెప్పలేదు. ఫోకస్ తప్పిందేమో, కెమెరా పక్కకి తిరిగిందేమో అని చివరికి తననే ఒప్పించుకుంది.

"నేను ఉత్త మాటలు నమ్మే మనిషిని కాను," అన్నాడు ఆర్కిటెక్టు. "ఈ దీపాలు సాగిన తీరు చూశారుగా. మీ లెన్స్‌ని అప్పుడు ఎలా ఉందో అలాగే పెట్టండి. నా ఎదురుగా విప్పి, నా ఎదురుగా బిగించండి. మీ గదిలో దీపాల్ని తీసి చూపించండి. అవి కూడా ఇటే, ఇలాగే సాగితే తప్పు లెన్స్‌ది. మీ వదినగారు మధ్యాహ్నమే నాతో వచ్చి పని మొదలుపెట్టొచ్చు. పాత ఫోటో గురించి నేను ఎవరెవరి దగ్గర ఏమన్నానో, వాళ్లందరికీ నేనే ఫోన్ చేసి చెబుతాను."

సాగకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు. గోడ గడియారం చూసి, ఒకటిన్నరకి నేను బయల్దేరాలి, రెండింటికి రిహార్సల్ అన్నాడు.

బాగున్న లెన్స్‌ని చెడగొట్టమని భూతద్దాన్ని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. అయినా ఆమెకి ప్రాణం లేచొచ్చింది. చెరిపేసిన దాన్ని మళ్లీ రాసే దారి ఒకటి దొరికింది. కంటికి అద్దం తగిలించుకుని తాతయ్యని దగ్గరికి లాక్కుంది. సన్నటి స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాచింది. దాన్ని వదిన తీసి ఇచ్చింది. ఇస్తూ మామూలుగా అడిగింది.

"నిన్న విప్పినప్పుడు రేకులు ఏ వరసలో ఉన్నాయో రాసుకున్నావా?"

భూతద్దం చెయ్యి ఆగిపోయింది. పుస్తకంలో చివరి పేజీ తిప్పింది. నిన్నటి తేదీ వేసి ఉంది. దాని కింద లెన్స్ పేరు ఉంది. బొమ్మ ఉండాల్సిన చోటు తెల్లగా ఉంది. గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకుంది. పళ్లెంలో పడి ఉన్న మూడు రేకులు కనిపించాయి. అవి ఏ చెవి కిందినుంచి ఏవి వచ్చాయో కనిపించలేదు.

"లేదు," అంది.

"ఇంటిదే కదా అనుకున్నావా మళ్లీ?"

ఆ మాటకి భూతద్దం తల దించుకుంది. వదిన ఒక కాగితం లాక్కుని లెక్క వేసింది. మూడు రేకులు, మూడు చెవులు. పెట్టే తీరులు మొత్తం ఆరు. అందులో ఒకటి సరైనది, ఇప్పుడున్నది. మిగిలిన ఐదూ తప్పులే. ఆ ఐదు తప్పుల్లో రెండేళ్ల కిందట జరిగిన తప్పు ఒక్కటే. విప్పి, మార్చి, బిగించి, ఫోటో తీసి చూడ్డానికి ఒక్కోదానికి అరగంట పడుతుంది.

"రెండు గంటలుంది. నాలుగు చూడొచ్చు," అంది వదిన. ఐదోదానికి చోటు లేదు.

భూతద్దం ఈసారి స్క్రూడ్రైవరు కింద పెట్టి పెన్సిలు తీసుకుంది. ముందు చెవుల పక్కన గుర్తులు పెట్టింది. పేజీలో బొమ్మ గీసింది, మూడు చెవులూ, వాటి కింద చుక్కలూ. ఆ తర్వాతే మొదటి మర తిప్పింది. ఆర్కిటెక్టు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఊపిరి తగిలితే రేకులు ఎగిరిపోతాయన్నట్టు చేత్తో నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాడు. ఒక చుక్క ఉన్న రేకునీ రెండు చుక్కలున్న రేకునీ తారుమారు చేసి, మూడోదాన్ని ఉన్నచోటే ఉంచి, బిగించింది. ముగ్గురూ సామాన్ల గదిలోకి వెళ్లారు. వదిన తలుపు మూసి, కెమెరా అందుకుని, రెండేళ్ల తర్వాత తాతయ్యతో మొదటి ఫోటో తీసింది. ఆమె చెయ్యి వణకలేదు.

బల్ల దగ్గరికి తిరిగొచ్చి ఫోటోని కంప్యూటరు తెర మీద పెద్దది చేశారు. ఒక మూలలో దీపాలు సాగాయి, బాగానే సాగాయి. ఆర్కిటెక్టు ప్రింటుని పక్కన పట్టుకుని, ఇటు చూసి, అటు చూసి, జేబులోంచి స్కేలు తీసి తెర మీద ఏటవాలుగా ఆనించి మళ్లీ చూశాడు.

"ఇది కుడివైపు," అన్నాడు. "నాది ఎడమ."

భూతద్దం పేజీలో ఆ బొమ్మ మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. గడియారం పన్నెండు దాటి ఐదు నిమిషాలైంది. ఇంకా నాలుగు తప్పులు మిగిలాయి. వాటిలో రెండింటికి నికరంగా సమయం ఉంది, మూడోదానికి చేతులు తొందరపడాలి. ఇరవై ఏళ్లలో ఆమె చేతులు రెండేసార్లు తొందరపడ్డాయి, రెండుసార్లూ ఈ లెన్స్ మీదే.

"రెండో తీరు చూద్దాం, విప్పు," అంది వదిన, బల్ల మీది దీపం దగ్గరికి జరుపుతూ.